ఆహార పూరకాలలో వృక్షసారాలు, పోషక పదార్థాలు

రోజువారీ భోజనానికి అదనంగా, నిర్ణీత మోతాదులో తీసుకొనేందుకు మాత్రగానో, క్యాప్సూల్‌గానో, పొడిగానో, ద్రవంగానో తయారుచేసిన పదార్థాన్ని ఆహార పూరకం అంటారు. వీటి తయారీలో వాడే ముడిపదార్థాలు రెండు పెద్ద తెగలకు చెందుతాయి. మొదటి తెగలో విటమిన్లు, ఖనిజాలు, మాంసకృత్తులు, కొవ్వు ఆమ్లాలు వంటి పోషకాలు ఉండగా, రెండవ తెగలో వేరు, బెరడు, ఆకు, పువ్వు, గింజ, జిగురు మొదలైన మొక్క భాగాల నుంచి ద్రావణుల సాయంతో వేరుచేసి గాఢపరచిన వృక్షసారాలు ఉంటాయి. ఈ రెండూ ఒకే దుకాణంలో ఒకే రకమైన సీసాల్లో అమ్ముడవుతున్నప్పటికీ వాటి చరిత్ర, పనిచేసే తీరు, వాటి వెనుక ఉన్న శాస్త్రీయ ఆధారాల బలం వేర్వేరు. మొక్క, దాని నుంచి తీసిన సారం, ఆ సారంలోని ఒక్కొక్క రసాయనం ఒకదానికొకటి పర్యాయాలు కావని, ఒకదాని గురించి రుజువైన గుణాన్ని గాని, ఒకదానికి ఉన్న నిరపాయతను గాని మరొకదానికి ఆపాదించరాదని గుర్తించడం ఈ రంగాన్ని అర్థం చేసుకోవడానికి మూలసూత్రం.

పరిధి, వర్గీకరణ

పోషకానికి, వృక్షసారానికి మధ్య ఉన్న ప్రధాన భేదం లోటు అన్న భావనలో ఉంది. విటమిన్లు, ఖనిజాలు శరీరానికి అత్యవసరం కాబట్టి అవి కొరవడినప్పుడు రేచీకటి, రక్తహీనత, బెరిబెరి వంటి నిర్దిష్ట వ్యాధులు కనిపిస్తాయి, అవి అందగానే తగ్గుతాయి. వృక్షసారాలలోని రసాయనాలకు అటువంటి లోటు వ్యాధి లేదు. పసుపులోని కర్క్యుమిన్ అందనందువల్ల ఎవరికీ జబ్బు రాదు. అందువల్ల వృక్షసారాలు శరీరంలో పోషకాలుగా గాక, ఎంజైములను, గ్రాహకాలను ప్రభావితం చేసే రసాయనాలుగా పనిచేస్తాయి. ఈ కోణంలో అవి ఆహారం కంటే ఔషధానికి దగ్గరగా ఉంటాయి. ఈ రెండింటికీ మధ్యలో, అత్యవసరం కాకపోయినా ఆహారంలో సహజంగా ఉండే పీచు పదార్థాలు, పేగులకు మేలుచేసే ప్రోబయోటిక్ సూక్ష్మజీవులు, లూటీన్ వంటి వర్ణకాలు, క్రియేటిన్ వంటి నత్రజని సమ్మేళనాలు ఉన్నాయి. ఆహారానికీ మందుకూ నడుమ నిలిచే ఈ ఉత్పత్తులన్నిటికీ కలిపి అమెరికన్ వైద్యుడు స్టీఫెన్ డిఫెలిస్ 1989లో ‘న్యూట్రాస్యూటికల్’ అనే పేరు పెట్టగా, అదే నేడు వాణిజ్యంలోను చట్టాల్లోను స్థిరపడింది.

చారిత్రక నేపథ్యం

మొక్క నుంచి సారం తీయడం కొత్త విద్య కాదు. ఆయుర్వేదంలో నీటితో మరిగించి తీసే కషాయం, పులియబెట్టినప్పుడు తనంతట తాను పుట్టే ఆల్కహాలుతో సారాన్ని లాగే ఆసవారిష్టాలు, నెయ్యి, నూనెలతో కాచే ఘృత తైలాలు ఉన్నాయి. నీరు, ఆల్కహాలు, కొవ్వు అనే మూడు ద్రావణులు ఒక్కొక్కటి మొక్కలోని ఒక్కొక్క రకం పదార్థాన్ని కరిగించుకొంటాయన్న అనుభవజ్ఞానం ఈ విభజనలోనే ఇమిడి ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు యూరప్‌లో రసాయనశాస్త్రం ఈ సారాలను ఇంకా విడగొట్టి శుద్ధ సమ్మేళనాలను వేరుచేసింది. పసుపు నుంచి కర్క్యుమిన్‌ను 1815లో వోగెల్, పెలెటియేలు, మిరియాల నుంచి పైపరిన్‌ను 1819లో డెన్మార్క్ శాస్త్రవేత్త అర్స్టెడ్ వేరుచేశారు.

పోషకాల చరిత్ర వ్యాధుల అన్వేషణతో మొదలైంది. ఆహారంలో అతి స్వల్ప పరిమాణంలో ఉండే కొన్ని పదార్థాలు లేకపోవడమే బెరిబెరి, స్కర్వీ వంటి వ్యాధులకు కారణమని ప్రతిపాదిస్తూ కాసిమిర్ ఫుంక్ 1912లో వాటికి ‘విటమిన్’ అన్న పేరు పెట్టాడు. 1933లో టాడ్యూష్ రైక్‌స్టీన్ విటమిన్ సిని కృత్రిమంగా సంశ్లేషించడంతో పోషకాన్ని ఆహారం నుంచి విడదీసి కర్మాగారంలో తయారుచేయడం సాధ్యమైంది.

ఈ చరిత్రలో ఫోలిక్ ఆమ్లం కథ భారతదేశంతోను, తెలుగువారితోను ముడిపడి ఉంది. బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం తీవ్ర రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని లూసీ విల్స్ 1931లో ప్రకటించింది. ఆ గుణానికి కారణమైన పదార్థాన్ని 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేయగా, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1940ల నడుమ దానిని సంశ్లేషించి, పెద్ద ఎత్తున ఉత్పత్తికి మార్గం వేసింది. గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లులకు ఆ లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో వెలువరించిన బహుదేశ ప్రయోగం నిరూపించింది. ఒక ఆహార పూరకం ప్రయోజనం సందేహానికి తావులేకుండా రుజువైన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

భారతదేశంలో పోషకాహార పరిశోధనకు కేంద్రమైన జాతీయ పోషకాహార సంస్థ 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి అధిక మోతాదులో విటమిన్ ఎ ద్రావణాన్ని తాగించే జాతీయ కార్యక్రమం 1970లో ఈ సంస్థ పరిశోధనల ఆధారంగానే ప్రారంభమైంది.

సారం తీసే విధానం

వృక్షసార పరిశ్రమలో తొలి దశ ముడిసరుకును గుర్తించి, శుభ్రపరచి, తేమ పోయేలా ఆరబెట్టి, పొడి చేయడం. ఆ పొడిని స్టీలు పాత్రల్లో నింపి ద్రావణిని ప్రసరింపజేస్తే కరగదగిన పదార్థాలు అందులోకి దిగుతాయి. చక్కెరలు, టానిన్లు, సాపోనిన్లు నీటిలోకి, మధ్యస్థ స్వభావం గల ఫ్లేవనాయిడ్లు, ఆల్కలాయిడ్లు నీరు కలిపిన ఇథనాల్‌లోకి, మైనాలు, కెరోటినాయిడ్లు, సుగంధ తైలాలు హెక్సేన్ వంటి కొవ్వు ద్రావణులలోకి ఎక్కువగా వస్తాయి. ఒకే అశ్వగంధ వేరు నుంచి నీటితో తీసిన సారం, ఆల్కహాలుతో తీసిన సారం రసాయనికంగా రెండు భిన్న పదార్థాలు కావడానికి కారణం ఇదే.

తరువాత ద్రవాన్ని వడగట్టి, గాలి పీడనం తగ్గించిన పాత్రల్లో తక్కువ వేడి మీద ద్రావణిని ఆవిరి చేసి తిరిగి పట్టుకొంటారు. మిగిలిన చిక్కని ముద్దను నేరుగా ఆరబెట్టడమో, మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పిండి పదార్థాన్ని కలిపి వేడిగాలిలోకి చిమ్మి పొడిగా మార్చడమో చేస్తారు. ఈ చివరి దశలో కలిపే పిండి పదార్థం తుది సారంలో గణనీయమైన భాగం కావచ్చు గనుక, సారం బరువు తెలిసినంత మాత్రాన అందులోని మొక్క భాగం తెలియదు. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీల సెల్సియస్‌కు, సుమారు 73 వాతావరణ పీడనాలకు మించి ఉంచితే అది వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకొనే అతిసందిగ్ధ స్థితికి చేరుతుంది. పీడనం తగ్గించగానే ద్రావణి ఆవిరై పోయి, అవశేషం మిగలకపోవడం ఈ పద్ధతిలోని లాభం. యంత్రాల ఖర్చు ఎక్కువ కావడంతో దీనిని ఎక్కువగా విలువైన సారాలకే వాడుతున్నారు.

సుగంధద్రవ్యాల రంగు, ఘాటు, వాసనలను ఒకేచోట ఇముడ్చుకొన్న చిక్కని ద్రవాలను ఒలియోరెజిన్లు అంటారు. 1970ల నుంచి కేరళలోని కొచ్చి పరిసరాలలో పెరిగిన ఒలియోరెజిన్ పరిశ్రమే భారతదేశ వృక్షసార పరిశ్రమకు పునాది. గుంటూరు ప్రాంతపు మిర్చి, నిజామాబాద్ పసుపు ఈ పరిశ్రమకు ముడిసరుకులు.

ప్రామాణీకరణ

ఒకే మొక్కలో రసాయనాల పాళ్లు నేల, వాన, కోత సమయం, నిల్వను బట్టి మారతాయి కాబట్టి, ప్రతి విడతలోను ఒక ఎంచుకొన్న రసాయనం నిర్ణీత శాతంలో ఉండేలా సారాన్ని సరిచేయడాన్ని ప్రామాణీకరణ అంటారు. ఆ ఎంచుకొన్న పదార్థం సూచక రసాయనం. అది కొన్ని సారాలలో గుణానికి నిజంగా కారణమైనదై ఉండగా, మరికొన్నింటిలో కొలవడానికి వీలుగా ఎంచుకొన్న గుర్తు మాత్రమే. జర్మనీలో రూపొందిన గింకో ఆకు సారం ప్రామాణీకరణకు ప్రసిద్ధ ఉదాహరణ. దానిలో ఫ్లేవోన్ గ్లైకోసైడ్లు 24 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 6 శాతం ఉండేలా స్థిరపరచడం వల్ల, వివిధ దేశాలలో జరిగిన ప్రయోగాలను పోల్చి చూడడం సాధ్యమైంది.

లేబుల్ మీద కనిపించే అంకెలను చదవడంలో జాగ్రత్త అవసరం. ‘10:1’ అన్న నిష్పత్తి పది కిలోల ముడిసరుకు నుంచి ఒక కిలో సారం వచ్చిందని మాత్రమే చెబుతుంది గాని, క్రియాశీల పదార్థం పది రెట్లు పెరిగిందని చెప్పదు. కొలిచే పద్ధతిని బట్టి కూడా అంకె మారుతుంది. అశ్వగంధ సారంలోని విథనోలైడ్లను అవక్షేపం తూచి లెక్కించే పాత పద్ధతిలో కొలిస్తే ఇతర పదార్థాలు కూడా బరువులో చేరి ఎక్కువ శాతం కనిపిస్తుంది. ఒక్కొక్క సమ్మేళనాన్ని విడదీసి కొలిచే ద్రవ క్రొమటోగ్రఫీలో అదే సారానికి తక్కువ శాతం వస్తుంది.

ముఖ్యమైన వృక్షసారాలు

పసుపు: ఎండు కొమ్ములో కర్క్యుమినాయిడ్లు సాధారణంగా 2 నుంచి 5 శాతం ఉంటాయి. వ్యాపారంలోని సారంలో అవి 95 శాతం. 3 శాతం గల పసుపును ప్రమాణంగా తీసుకొంటే, 500 మిల్లీగ్రాముల సారంలోని కర్క్యుమినాయిడ్ల కోసం సుమారు 16 గ్రాముల పసుపు కావాలి. కూరలో చిటికెడుగా వాడే పసుపుకు తరతరాలుగా ఉన్న నిరపాయత ఈ మోతాదుకు తనంతట తాను వర్తించదు. కర్క్యుమిన్ నీటిలో కరగదు, పేగుల్లో కొద్దిగానే ఇంకుతుంది, ఇంకిన భాగాన్ని కాలేయం త్వరగా మార్చి బయటికి పంపుతుంది. మింగిన పదార్థంలో ఎంత భాగం పనికివచ్చే రూపంలో రక్తంలోకి చేరుతుందో తెలిపే కొలతను జీవలభ్యత అంటారు. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే మనుషులలో దాని జీవలభ్యత 2000 శాతం పెరిగిందని బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ప్రకటించారు. అప్పటి నుంచి చాలా ఉత్పత్తులలో పసుపు సారంతో పాటు మిరియాల సారం చేరింది. లెసిథిన్‌తో జతచేయడం, అతిసూక్ష్మ కణాలుగా మార్చడం ఇదే లక్ష్యంతో వచ్చిన ఇతర పద్ధతులు. కీళ్లవాతపు నొప్పిలో కొంత ఉపశమనం కనిపించిందని చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి.

అశ్వగంధ: తెలుగులో పెన్నేరుగడ్డ అనే పేరు కూడా ఉన్న ఈ మొక్క మధ్యప్రదేశ్‌లోని నీముచ్, మందసౌర్ ప్రాంతాలలో విస్తారంగాను, రాయలసీమ మెట్ట భూములలో కొంతవరకు సాగవుతోంది. ఒత్తిడి, నిద్రలేమిపై స్వల్పకాలిక ప్రయోగాలలో కొంత ప్రయోజనం నమోదైంది. సంప్రదాయంలో వేరుకే ప్రాధాన్యం. ఆకులలో విథాఫెరిన్-ఎ వంటి పదార్థాలు ఎక్కువగా ఉండడం, ఆకులు చౌకగా దొరకడం వల్ల సారాలలో ఆకును కలిపే అలవాటు పెరగగా, ఆకును వాడవద్దని భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. గర్భస్రావం, థైరాయిడ్ హార్మోన్లపై ప్రభావం వంటి అనుమానాలతో డెన్మార్క్ 2023లో ఈ మొక్కను పూరకాలలో నిషేధించింది.

అందుగ జిగురు: బోస్వెలియా సెర్రాటా చెట్టు కాండం నుంచి స్రవించే జిగురులో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ‘ఎ.కె.బి.ఎ.’ అని సంక్షిప్తంగా పిలిచే సమ్మేళనం 5-లిపాక్సిజనేజ్ అనే ఎంజైమును అడ్డుకొని వాపును కలిగించే ల్యూకోట్రయీన్ల తయారీని తగ్గిస్తుంది. సహజ జిగురులో అతి తక్కువగా ఉండే ఈ ఒక్క సమ్మేళనాన్ని 30 శాతానికి పెంచిన సారాన్ని విజయవాడకు చెందిన లైలా సంస్థ రూపొందించింది. మోకాలి కీళ్లవాతంపై దానితో ప్రయోగాలు జరిగాయి.

గుగ్గులు: ఆయుర్వేద గ్రంథాలలో స్థౌల్యానికి చెప్పిన గుగ్గులుకు, రక్తంలో కొవ్వుకు గల సంబంధాన్ని జి.వి. సత్యవతి 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధనలో చూపగా, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ దాని సారాన్ని మందుగా అభివృద్ధి చేసింది. కాని అమెరికాలో 103 మందిపై జరిగి 2003లో వెలువడిన ప్రయోగంలో గుగ్గులు సారం తీసుకొన్నవారికి చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కొద్దిగా పెరిగింది. ఒక సమాజంలో కనిపించిన ఫలితం, ఆహారం, శరీరతత్వం వేరైన మరో సమాజంలో అలాగే రాకపోవచ్చుననడానికి దీనిని తరచు ఉదాహరిస్తారు.

మలబారు చింత: పశ్చిమ కనుమలలో పులుపు కోసం వాడే ఈ కాయ తొక్కలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం, శరీరంలో కొవ్వు తయారీకి అవసరమైన ఒక ఎంజైమును ప్రయోగశాలలో అడ్డుకోవడంతో అది బరువు తగ్గించే పదార్థంగా ప్రపంచమంతా ప్రచారం పొందింది. 135 మందిపై జరిగి 1998లో ప్రచురితమైన ప్రయోగంలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. తరువాతి కాలంలో ఈ సారం ఉన్న ఉత్పత్తులు వాడినవారిలో కాలేయ హాని కేసులు కూడా నమోదయ్యాయి.

బంతిపూలు: రేకుల నుంచి హెక్సేన్‌తో తీసిన ఒలియోరెజిన్‌ను క్షారంతో చర్య జరిపితే లూటీన్ శుద్ధరూపంలో విడివడుతుంది. కంటి రెటీనా మధ్యభాగంలో ఉండే ఈ వర్ణకాన్ని శరీరం తయారుచేసుకోలేదు. వయసుతో వచ్చే కంటి జబ్బుపై అమెరికాలో జరిగి 2013లో ముగిసిన పెద్ద ప్రయోగం తరువాత, ఆ రోగుల కోసం వాడే పూరకంలో బీటాకెరోటిన్‌కు బదులు 10 మిల్లీగ్రాముల లూటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ చేర్చడం ఆచారమైంది.

గింకో: జ్ఞాపకశక్తికి పేరుపొందిన ఈ సారాన్ని 3,069 మంది వృద్ధులకు ఏళ్ల తరబడి ఇచ్చి చూసిన అమెరికన్ ప్రయోగం, అది మతిమరుపు వ్యాధిని నివారించలేదని 2008లో తేల్చింది. అదే ఉద్దేశంతో భారతదేశంలో బ్రాహ్మి, రక్తంలో చక్కెరను తగ్గించేందుకు మెంతులు, పొడపత్రి సారాలు వాడుకలో ఉన్నాయి. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కొంతసేపు అడ్డుకొంటాయి.

పోషక పదార్థాల తయారీ

పూరకాలలోని విటమిన్లలో అత్యధిక భాగం పండ్ల నుంచి గాని, కూరల నుంచి గాని వచ్చేది కాదు. విటమిన్ బి12 సంక్లిష్ట నిర్మాణం కారణంగా బాక్టీరియాను పెంచి పులియబెట్టడం ద్వారానే వాణిజ్యపరంగా లభిస్తుంది. మొక్కల ఆహారంలో అది దాదాపు ఉండదు కనుక శాకాహారులకు ఈ పూరకం ప్రాధాన్యం ఎక్కువ. విటమిన్ డి3ని సాధారణంగా గొర్రె ఉన్ని నుంచి తీసిన కొవ్వుపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి తయారుచేస్తారు. పూర్తి శాకాహారుల కోసం లైకెన్ల నుంచి తీసినది కూడా లభిస్తోంది. క్యాప్సూళ్ల తొడుగులకు వాడే జిలాటిన్ పశువుల ఎముకలు, చర్మాల నుంచి వచ్చేది కాగా, దానికి బదులు మొక్కల సెల్యులోజ్ తొడుగులు వాడుకలోకి వచ్చాయి.

ఖనిజాలను లవణాల రూపంలోనే కలుపుతారు గనుక, లవణం బరువు, అందులోని ఖనిజం బరువు వేరువేరు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో ఇనుము సుమారు 33 శాతం, కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం 40 శాతం, కాల్షియం సిట్రేట్‌లో 21 శాతం. భారత ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే మాత్రలో చెప్పే 60 మిల్లీగ్రాములు ఇనుము మూలకపు బరువే. దానితో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలలో ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ.లు చేపనూనె నుంచి, సముద్రపు సూక్ష్మశైవలాల నుంచి లభిస్తాయి. అవిసె గింజలలోని ఒమేగా-3 వేరొక రూపం. శరీరం దానిలో కొద్ది భాగాన్నే ఇ.పి.ఎ.గా మార్చుకోగలదు. 25,871 మందికి చేపనూనె, విటమిన్ డి ఇచ్చి చూసిన అమెరికన్ ప్రయోగం, ఆరోగ్యవంతులలో అవి గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన సంఘటనలను గాని, క్యాన్సర్‌ను గాని గణనీయంగా తగ్గించలేదని 2018లో తెలిపింది. లోటు ఉన్నవారికి మేలుచేసే పోషకం లోటు లేనివారికి అదనపు మేలు చేయకపోవడం ఈ రంగంలో పదేపదే ఎదురయ్యే ఫలితం.

పాలను విరిచి జున్ను తయారుచేసినప్పుడు మిగిలే తేట నుంచి వే ప్రోటీన్ పొడి తయారవుతుంది. వడపోత స్థాయిని బట్టి 80 శాతం వరకు మాంసకృత్తులున్నదాన్ని కాన్సెంట్రేట్ అని, 90 శాతం, అంతకు పైబడినదాన్ని ఐసొలేట్ అని వ్యవహరిస్తారు. కండలు పెంచడానికి ప్రోటీన్ పూరకాలను ఆశ్రయించవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో సూచించింది. పీచు పదార్థాలలో గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఇసబ్‌గోల్ పొట్టుకు మలబద్ధకం నివారణలోను, కొలెస్టరాల్ తగ్గించడంలోను నిలకడైన ఆధారాలున్నాయి.

భద్రత

సారాన్ని గాఢపరచినప్పుడు గుణంతో పాటు అపాయం కూడా గాఢమవుతుంది. గ్రీన్ టీ ఇందుకు స్పష్టమైన దృష్టాంతం. కాచిన టీగా తాగేవారికి రోజుకు సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఇ.జి.సి.జి. అనే కాటెచిన్ అందుతుండగా, పూరకాల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకొన్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్లు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో నిర్ధారించింది. పసుపు సారాలు వాడినవారిలో కాలేయపు వాపు కేసులు వరుసగా వెలుగుచూడడంతో ఇటలీ 2019లో హెచ్చరికలు జారీచేసింది. ఎర్ర ఈస్ట్ బియ్యంలోని మొనకోలిన్-కె అనే పదార్థం రసాయనికంగా లోవాస్టాటిన్ అనే మందే కావడంతో, రోజువారీ మోతాదు 3 మిల్లీగ్రాములలోపే ఉండాలని ఐరోపా సమాఖ్య 2022లో నిబంధన పెట్టింది. గుండె, రక్తనాళాలపై తీవ్ర దుష్ప్రభావాల కారణంగా ఎఫిడ్రా ఆల్కలాయిడ్లున్న పూరకాలను అమెరికా 2004లో నిషేధించింది.

పోషకాలు ఈ నియమానికి అతీతం కావు. బీటాకెరోటిన్ ఎక్కువగా ఉన్న కూరగాయలు తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువన్న పరిశీలన ఆధారంగా, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో రోజుకు 20 మిల్లీగ్రాముల మోతాదును పరీక్షించిన ప్రయోగంలో, 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కూరగాయ చేసే మేలును అందులోని ఒక్క రసాయనానికి ఆపాదించడం ఎంత ప్రమాదకరమో ఈ ప్రయోగం వైద్యలోకానికి నేర్పింది. కొవ్వులో కరిగే ఎ, డి విటమిన్లు శరీరంలో పేరుకొని విషమించగలవు. బి6 విటమిన్‌ను దీర్ఘకాలం అతిగా తీసుకొంటే నరాలు దెబ్బతింటాయి.

మందులతో పరస్పర చర్య మరో ముఖ్యాంశం. యూరప్‌లో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ సారం కాలేయంలోని మందులను విరిచే ఎంజైములను ప్రేరేపించి, అవయవ మార్పిడి రోగులు వాడే సైక్లోస్పోరిన్ స్థాయిని తగ్గిస్తుంది. పైపరిన్ ఇందుకు భిన్నంగా కొన్ని మందులు విరగకుండా అడ్డుకొని రక్తంలో వాటి స్థాయిని పెంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి విటమిన్-కె పూరకాలు మందు పనిని తగ్గించగలవు.

గుర్తింపు, కల్తీ

ఒకే పేరుతో రెండు మొక్కలు చలామణీ కావడం తొలి సమస్య. బ్రాహ్మి అన్న పేరు కొన్ని ప్రాంతాలలో బకోపా మొనియెరీకి, మరికొన్ని ప్రాంతాలలో సరస్వతి ఆకుకు చెల్లుతుంది. వాటి రసాయనాలు వేరు కనుక, ఒప్పందాలలో, లేబుళ్లలో శాస్త్రీయ నామం, మొక్క భాగం తప్పనిసరిగా పేర్కొనాలి. ఆర్థిక లాభం కోసం చేసే కల్తీ మరింత సూక్ష్మమైనది. గింకో సారంలో ఫ్లేవోన్ల శాతం పెంచడానికి చౌకైన రూటిన్‌ను కలపడం, సహజ కర్క్యుమిన్ స్థానంలో కృత్రిమ కర్క్యుమిన్‌ను వాడడం, పసుపు రంగు మెరుగుపరచడానికి విషపూరితమైన సీసపు క్రోమేట్‌ను చేర్చడం నమోదైన ఉదాహరణలు. మాంసకృత్తులను నత్రజని ఆధారంగా లెక్కించే పద్ధతిని ఆసరాగా చేసుకొని, ప్రోటీన్ పొడిలో చౌకైన గ్లైసీన్ వంటి నత్రజని పదార్థాలను కలిపే మోసం కూడా తెలిసినదే.

సూచక రసాయనాన్ని మాత్రమే కొలిచే పరీక్షను దృష్టిలో ఉంచుకొనే ఈ కల్తీలు పుట్టుకొచ్చాయి గనుక, వాటిని పట్టుకోవడానికి సారం మొత్తం రసాయన ముద్రను చూపే పలుచని పొర క్రొమటోగ్రఫీ, శిలాజ ఇంధనాల నుంచి తయారైన కృత్రిమ పదార్థాన్ని పట్టిచ్చే కార్బన్-14 పరీక్ష వంటివి అవసరమవుతాయి. డి.ఎన్.ఎ. పరీక్ష ముడి ఆకుకు, వేరుకు పనికివస్తుంది గాని, ద్రావణిలో నానిన తుది సారంలో డి.ఎన్.ఎ. మిగలకపోవచ్చు కనుక అక్కడ అది నిర్ణాయకం కాదు.

చట్టాలు, నియంత్రణ

అమెరికాలో 1994 నాటి చట్టం పూరకాలను ఆహారంలో ఒక వర్గంగా నిర్వచించింది. అక్కడ విక్రయానికి ముందు ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. కొత్త పదార్థమైతే 75 రోజుల ముందు తెలియజేయాలి. ఉత్పత్తి హానికరమని నిరూపించే భారం ప్రభుత్వంపైనే ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2002లో పూరకాలకు ప్రత్యేక ఆదేశాన్ని, 2006లో ఆరోగ్య ప్రకటనలకు శాస్త్రీయ ఆధారం చూపాలన్న నిబంధనను తెచ్చింది. జపాన్ 1991లోనే ఆరోగ్య ప్రయోజనం గల ఆహారాలకు ప్రత్యేక అనుమతి విధానాన్ని నెలకొల్పింది.

భారతదేశంలో 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద 2016లో నోటిఫై చేసిన నిబంధనలు 2018 జనవరి నుంచి అమలులోకి వచ్చాయి. అనుమతించిన విటమిన్లు, ఖనిజాలు, అమైనో ఆమ్లాలు, మొక్కలు, ప్రోబయోటిక్‌ల జాబితాలను ఇవి ప్రత్యేక షెడ్యూళ్లలో పొందుపరిచాయి. ఉత్పత్తి ఔషధ ప్రయోజనానికి కాదన్న హెచ్చరికను లేబుల్‌పై ముద్రించాలి. వ్యాధిని నయం చేస్తుందని ప్రకటించరాదు. అయితే అదే అశ్వగంధ సారం 1940 ఔషధాల చట్టం కింద ఆయుర్వేద మందుగాను, ఆహార చట్టం కింద పూరకంగాను వెలువడగలదు. 2022లో వచ్చిన ‘ఆయుర్వేద ఆహార’ నిబంధనలతో మూడవ వర్గం కూడా చేరింది. అందువల్ల వినియోగదారుడు చూస్తున్న వస్తువు ఏ చట్టం కింద, ఏ ప్రమాణాలకు లోబడి తయారైందో లైసెన్సు వివరాలను బట్టి గాని తెలియదు.

ముడిసరుకు, జీవవైవిధ్యం

ఈ పరిశ్రమ వాడే మొక్కలలో కొన్ని సాగు పంటలు కాగా, అనేకం అడవుల నుంచి సేకరించేవి. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గిరిజన సహకార సంస్థ మన్యం ప్రాంతాలలో ఉసిరి, కుంకుడు, తేనె, జిగురు వంటి ఉత్పత్తులను గిరిజనుల నుంచి కొనుగోలు చేస్తోంది. 2025లో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. జిగురు కోసం లోతుగా గాట్లు పెట్టడం వల్ల గుగ్గులు మొక్క ప్రకృతిలో తీవ్రంగా తగ్గిపోయి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి జాబితాలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా నమోదైంది.

సంప్రదాయ జ్ఞానంపై హక్కు కూడా ఈ అంశంతో ముడిపడి ఉంది. గాయాలు మాన్పడంలో పసుపు వాడకంపై అమెరికాలో 1995లో మంజూరైన పేటెంటును, ప్రాచీన గ్రంథాల ఆధారాలతో భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేయగా, 1997లో అది రద్దయింది. ఈ అనుభవం నుంచి సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం రూపుదిద్దుకొంది. 2002 జీవవైవిధ్య చట్టం, 2010 నగోయా ఒప్పందం జీవవనరుల వాడకంతో వచ్చే లాభంలో స్థానిక సమాజాలకు వాటా ఉండాలన్న సూత్రాన్ని స్థాపించాయి. నగోయా ఒప్పందానికి మూలమైన అంతర్జాతీయ జీవవైవిధ్య ఒడంబడికలో భాగస్వాములైన దేశాల పదకొండవ సమావేశం 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగింది.

ఒక వృక్షసారాన్ని అంచనా వేసేటప్పుడు ఏ జాతి, ఏ భాగం, ఏ ద్రావణి, ఏ సూచక రసాయనం ఎంత శాతం, ఏ పద్ధతిలో కొలిచినది, ఆ సారంతోనే మనుషులపై ప్రయోగం జరిగిందా అన్న ప్రశ్నలు వరుసగా ఎదురవుతాయి. పోషకం విషయంలో వీటన్నిటికీ ముందు వాడేవారికి నిజంగా లోటు ఉందా అన్నది తేలాలి. ఫోలిక్ ఆమ్లం ఈ ప్రశ్నలకు నిలిచింది కాబట్టే ప్రజారోగ్య కార్యక్రమాలలో చోటుచేసుకొంది. మార్కెట్‌లోని వృక్షసారాలలో అధిక భాగం వీటిలో కొన్నింటికే ఇంతవరకు సమాధానమిచ్చాయి.